బటన్ మీద బొట్టు

మా సంఘంలో డిజైన్ గదికి కిటికీ లేదు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే సంఘం మాది. షెడ్డు నిండా నూలు దుమ్ము తేలుతుంటుంది. అది కంప్యూటర్‌లోకి పోతే ఫ్యాన్ పట్టేస్తుందని, షెడ్డు మూలన ఇటుకలతో చిన్న గది కట్టి, అద్దం తలుపు పెట్టి, ఏసీ బిగించారు. ఆ గదిలో నేను పదకొండేళ్లుగా కూర్చుంటున్నాను. తలుపు మూస్తే మగ్గాల చప్పుడు సగమే లోపలికి వస్తుంది. ఆ సగం చప్పుడుతోనే ఏ మగ్గం నడుస్తోందో, ఏది ఆగిందో చెప్పగలను. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం మగ్గాలన్నీ ఆగి ఉన్న అయిదు రోజుల సంగతి. ఆ అయిదు రోజుల్లో నేను చేయని ఒక పని సంగతి.

ఆ గదిలో నాతో పాటు అక్క ఉండేది. సొంత అక్క కాదు, సంఘంలో అందరూ ఆమెను అక్క అనే పిలుస్తారు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దది. కంప్యూటర్లు రాకముందు జంపఖానాల డిజైన్లన్నీ గ్రాఫు కాగితాల మీద చేత్తో గీసింది ఆమే. ఒక్కో గడికి ఒక్కో రంగు నింపి, మగ్గం ముందు వేలాడదీస్తే నేతగాళ్లు చూసి నేసేవారు. సంఘం నాలుగు కంప్యూటర్ మగ్గాలు కొన్నప్పుడు కాగితం పని పోయింది. ఆమెకు మౌస్ పట్టడం నేర్పే పని నా నెత్తిన పడింది. నాకు ఓపిక తక్కువ. ఆ రోజుల్లో ఎన్నిసార్లు విసుక్కున్నానో లెక్క లేదు. ఆమె మాత్రం ఒక్కసారి కూడా మొహం ముడుచుకోలేదు. ఏది నొక్కాలన్నా నా వైపు తిరిగి, "ముట్టనా చెల్లె?" అని అడిగేది. "ముట్టు అక్క, అదేం కరవది" అనేదాన్ని. అయిదేళ్లు గడిచి నాకంటే వేగంగా డిజైన్లు చేస్తున్నప్పుడు కూడా ఆ అడగడం మానలేదు. నాకు అది అలవాటై, ఆమె అడగకముందే "ఊఁ" అనేసేదాన్ని.

ఈ సంగతిలో మూడో మనిషి మా బాపు, అంటే మా నాన్న. షెడ్డులో మేస్త్రి. మగ్గం మీద ఏది తప్పినా ఆయనే సరిచేయాలి, దసరాకు పూజ కూడా ఆయనే చేయాలి. సంఘంలో పెద్ద నేతగాడు పూజ చేయడం మొదటినుంచీ ఉన్న పద్ధతి.

ఆ పూజకో నియమం ఉంది. ఖాళీ మగ్గానికి పూజ చేయరు. పడుగు ఎక్కించి, సగం నేసిన గుడ్డ మగ్గం మీద ఉండగానే పసుపు దారం కట్టి బొట్టు పెడతారు. పని నడుస్తూ ఉన్నట్టు అమ్మవారికి కనపడాలి, ఏడాదంతా పని ఆగకూడదు. దారం కట్టాక పున్నమి దాకా దాన్ని ఎవరూ ముట్టరు. పున్నమి పొద్దున మేస్త్రి తన చేత్తో దారం విప్పి, మొదటి పోగు వేశాకే మిగతావాళ్లు కూర్చుంటారు. కంప్యూటర్లు వచ్చినప్పుడు ఎవరూ చర్చించలేదు, ఓటింగు పెట్టలేదు, ఆ నియమం వాటికీ వచ్చేసింది. తెర మీద సగం చేసిన డిజైన్ తెరిచి ఉండాలి. తెర వెలుగుతూ ఉండాలి. దారం తెర చుట్టూ, డబ్బా చుట్టూ పోతుంది. బొట్టు పవర్ బటన్ మీద. ఎందుకు బటన్ మీదే అంటే, మగ్గానికి పెడల్ ఎట్లనో దీనికి బటన్ అట్ల అని బాపు తేల్చారు.

ఆ ఏడాది వానాకాలంలో నాకో సంగతి తెలిసింది. మా కంప్యూటర్‌లో ఫైళ్లు పంచే సర్వీసు ఒకటి ఉంటుంది. కుర్చీలో మనిషి ఉన్నా లేకపోయినా, అది నెట్‌వర్క్ తీగ వైపు చెవి పెట్టుకుని ఉంటుంది. మగ్గం ఫలానా డిజైన్ కావాలని తీగ మీద అడుగుతుంది, ఇది తీసి ఇస్తుంది. అట్లా అడిగిన మాటను రాసి పెట్టుకోవడానికి మెమరీలో కొంత జాగా విడిచి ఉంచుకుంటుంది. దాన్నే బఫర్ అంటారు. వచ్చిన మాట ఆ జాగాకంటే పొడుగ్గా ఉంటే ఆపేయాలి. ఈ సర్వీసు రాసిన మహానుభావుడెవరో ఒకచోట ఆ కొలత చూడటం మరిచిపోయాడు. దాంతో కావాలని పొడుగ్గా పంపిన మాట జాగా దాటి పక్కకు పొర్లుతుంది. ఆ పక్కనే, తర్వాత ఏ పని చేయాలో మెషిన్ తన కోసం రాసుకున్న గుర్తు ఉంటుంది. పొర్లిన మాట ఆ గుర్తును చెరిపి తన గుర్తు పెడుతుంది. ఇక మెషిన్ మనది కాదు, పంపినవాడిది. ఎవరూ ఏదీ నొక్కనక్కర్లేదు, తెరవనక్కర్లేదు. మెషిన్ ఆన్‌లో ఉండి, ఇంటర్నెట్ కూడా వచ్చే ఆ తీగ తగిలించి ఉంటే చాలు.

ఆ రంధ్రం మూసే ప్యాచ్ కూడా వచ్చింది. అది ఎక్కించి, ఒకసారి రీస్టార్ట్ చేస్తే అయిపోతుంది. నేను వెళ్లి సంఘం అధ్యక్షుడిని అడిగాను. ఆయన మంచివాడే, పనిచేసే దేన్నీ ముట్టనివ్వడు అంతే.

"ఇప్పుడు నడుస్తాంది గదా?" అన్నారు.

"నడుస్తాంది సార్. గని తలుపు తెరిచి పెట్టి పండుకున్నట్టు ఉన్నది."

"గా ప్యాచ్ ఏస్తే మన డిజైన్ సాఫ్ట్‌వేర్ నడుస్తదని గ్యారంటీ ఇస్తవా?"

ఇవ్వలేను. ఆ సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ మూతపడి ఏళ్లయింది. ప్యాచ్ పడకపోతే తిరిగి పాత స్థితికి తేవడానికి ఒక రోజు పట్టొచ్చు. అంతసేపు మగ్గాలు ఆపలేరు. సర్వీసును ఆపేద్దామంటే మగ్గాలు డిజైన్లు తీసుకునేది దాని ద్వారానే. తలుపు తెరిచి ఉంచితే దొంగలు, మూస్తే మాకే దారి లేదు. నెలలపాటు ఆ గదిలో కూర్చుని ఆ మెషిన్‌ను చూస్తూ ఉన్నాను. అన్నం తింటున్నా దాని మీదే ధ్యాస. అక్క చూసి, "ఏంది చెల్లె, గట్ల గుబులుగ ఉన్నవ్?" అనేది. చెప్పినా ఏం చేస్తుందని చెప్పలేదు. చివరికి అధ్యక్షుడే, "దసరా నాడు మగ్గాలెట్లయినా బంద్ ఉంటయి, గప్పుడు చేసుకో" అన్నారు. దసరా కోసం చిన్నప్పుడు కూడా అంతగా ఎదురుచూడలేదు.

సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నం అక్క పెన్‌డ్రైవ్ తెచ్చింది. ప్రతి ఏడాదీ ఇంట్లో బతుకమ్మ పేర్చాక పైనుంచి ఫోటో తీయించి, ఆ పూల వరుసల రంగులతో జంపఖానా అంచుకు డిజైన్ చేయడం ఆమెకు అలవాటు. గునుగు, తంగేడు, బంతి, మళ్లీ గునుగు. ఆ అంచుల జంపఖానాలకు మంచి పేరుంది. "ముట్టనా చెల్లె?" అంది పెన్‌డ్రైవ్ పెట్టబోతూ. "ఊఁ" అన్నాను తల తిప్పకుండానే.

దసరా పొద్దున నేను అందరికంటే ముందు వెళ్లి ప్యాచ్ మొదలుపెట్టాను. పాత మెషిన్, నత్తనడక. ఎంత ఎక్కిందో చూపే గీత సగానికి వచ్చి అక్కడే కూర్చుంది. బయట షెడ్డులో మగ్గాలకు మామిడాకులు కడుతున్నారు. ఆడవాళ్లు పళ్లేల్లో పసుపు కుంకుమలు తెచ్చారు. ఎట్టకేలకు తెర మీద, రీస్టార్ట్ చేస్తే పని పూర్తవుతుందని వచ్చింది. సరిగ్గా అప్పుడే అద్దం తలుపు తీసుకుని బాపు పళ్లెంతో లోపలికి వచ్చారు. వెనకాల అధ్యక్షుడు, ఆయన వెనకాల సంఘమంతా.

"తెర మీద డిజైన్ ఏది బిడ్డా?"

"ప్యాచ్ ఎక్కింది బాపు. ఒక్కసారి బంద్ చేసి మళ్ల చాలు చేస్తే అయిపోతది. జర ఆగు."

"ఎంత సేపు?"

"పావుగంట. అరగంట అనుకో."

"మంచి గడియ పోతాంది. అందరు నిలబడ్డరు. డిజైన్ తెరువు, పూజ కానియ్యి. తర్వాత చేసుకో."

"తర్వాత అంటే పున్నమి దాకా ముట్టనియ్యవు గదా."

"అయిదొద్దులు. అయిదొద్దులల్ల ఏమైతది బిడ్డా? ఫికర్ చేయకు."

నాకు కోపం వచ్చింది. కానీ అంతమంది ముందు పళ్లెం పట్టుకుని నిలబడ్డ తండ్రితో వాదించే నోరు నాకు లేదు. అక్క చేసిన బతుకమ్మ అంచు డిజైన్ తెరిచాను. బాపు పసుపు దారం తెర చుట్టూ తిప్పారు, డబ్బా చుట్టూ తిప్పారు, నకళ్లు దాచే రెండో డిస్కు పక్కనే తగిలించి ఉంటే దాని మీదుగా తిప్పారు, నెట్‌వర్క్ తీగను కూడా కలుపుకుని ముడి వేశారు. తడి కుంకుమ వేలికి తీసుకుని బటన్ మీద బొట్టు పెట్టారు. కొబ్బరికాయ బయట కొట్టారు, లోపల నీళ్లు పడొద్దని. అంత జాగ్రత్త మనిషి.

మధ్యాహ్నం తర్వాత అందరూ జమ్మి చూడటానికి పోయారు. గది తాళం వేయాల్సింది నేనే కాబట్టి ఆగిపోయాను. ఒక్కదాన్నే. ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. తెర మీద గునుగు పూల తెల్ల గళ్లు మెరుస్తున్నాయి. వేలు బటన్ దాకా పోయింది. బొట్టు ఇంకా ఆరలేదు. నొక్కితే వేలికి అంటుతుంది, చెదురుతుంది. తుడిచి మళ్లీ పెట్టొచ్చు, ఎవరికీ తెలియదు. డిజైన్ తిరిగి తెరిస్తే అమ్మవారికి తప్ప మరెవరికీ తేడా తెలియదు. అవన్నీ ఆలోచించాను. బటన్ అక్కర్లేకుండా మౌస్‌తో కూడా రీస్టార్ట్ చేయొచ్చు, అదీ నాకు తెలుసు. నాకు పూజల మీద పెద్ద నమ్మకం లేదు. కానీ అంతకుముందు చలికాలంలో బాపు నెల రోజులు దవాఖానలో పడి ఉండి వచ్చారు. నేను ఇది కదిలించాక ఆయనకు ఏమన్నా అయితే? ఆ ఒక్క ఆలోచన పట్టుకుంది. చదువుకున్నదాన్ని, కంప్యూటర్లు చూసుకునేదాన్ని, నేనే అట్లా ఆలోచించాను. వేలు వెనక్కి తీసుకుని, గదికి తాళం వేసి, జమ్మికి పోయాను. బాపు దసరాకు బంగారమని పంచుకునే జమ్మి ఆకు నా చేతిలో పెట్టి, "బంగారం బిడ్డా" అన్నారు. కాళ్లకు దండం పెట్టాను. తాళంచెవి ఆయనకే ఇచ్చాను. ఆయన మొలతాడుకు కట్టుకున్నారు.

ఆ తర్వాతి రోజులు నాకు నరకం. కరెంటు పోవాలని మొక్కుకున్నాను. కరెంటు ఎక్కువసేపు పోతే బ్యాటరీ అయిపోయి మెషిన్ దానంతటదే ఆగుతుంది, తిరిగి లేచినప్పుడు ప్యాచ్ పని పూర్తవుతుంది, పాపం ఎవరికీ అంటదు. వరంగల్‌లో ఏ పండక్కీ లేనిది, ఆ దసరాకు కరెంటు ఒక్క నిమిషం పోలేదు. ఇంట్లో ఫ్యాన్ తిరుగుతుంటే దాన్నే చూస్తూ పడుకున్నాను. బాపు నడుము దగ్గర తాళంచెవి ఊగుతూ కనపడేది. అడిగితే ఏమంటారో తెలుసు. అడగలేదు.

పున్నమి పొద్దున బాపు తాళం తీశారు. తెర వెలుగుతూనే ఉంది, కానీ బతుకమ్మ అంచు లేదు. ఎర్రటి తెర మీద ఇంగ్లీషులో, మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, తాళంచెవి కావాలంటే మాతో మాట్లాడండి అని ఉంది. ఏ డిజైన్ తెరిచినా పిచ్చి అక్షరాలు. రెండో డిస్కులో నకళ్లూ అంతే. బాపు దారం విప్పబోయిన చేయి అక్కడే ఆగింది. నా మొహం చూసి ఆయన దారం వదిలి పక్కకు జరిగారు.

హన్మకొండ నుంచి ఒక కంప్యూటర్ మెకానిక్‌ను పిలిపించారు. అతను అటూ ఇటూ చూసి, "పండుగకు ముందు ఎవరన్నా పెన్‌డ్రైవ్ పెట్టిన్రా?" అన్నాడు. ఎక్కువసార్లు అట్లనే వస్తుందట. అది అతను ఊరికే అన్న మాట. కానీ అక్క మొహం తెల్లబడింది.

"నేనే పెట్టిన" అంది. "సద్దుల నాడు. ఫోటో కోసం."

అందరూ ఆమె వైపు చూశారు. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మెకానిక్ ఆ పెన్‌డ్రైవ్‌ను పరీక్షించి చూశాడా అంటే, లేదు. అది ఎక్కడుందో కూడా అడగలేదు.

అందరూ పోయాక నేను లాగ్ తెరిచాను. మెషిన్ తన దగ్గరికి ఎవరు వచ్చారో, ఎప్పుడు వచ్చారో రాసుకునే పుస్తకం అది. అదృష్టమో దురదృష్టమో దాన్ని ఎవరూ చెడగొట్టలేదు. దసరా అయిన మూడో నాడు, మధ్యాహ్నం రెండు దాటాక, బయటి నుంచి ఫైళ్ల సర్వీసుకు చాలా పొడుగాటి మాట ఒకటి వచ్చింది. ఆ తర్వాతి వరుసలోనే సర్వీసు తడబడింది. దాని తర్వాతి వరుసలో కొత్త పని మొదలైంది. అప్పుడు గదికి తాళం ఉంది. తాళంచెవి బాపు మొలతాడుకు ఉంది. అక్క ఇంట్లో ఉంది. ఆ ఒక్క రంధ్రం నుంచే వచ్చింది, నేను మూయాల్సిన రంధ్రం నుంచే. రీస్టార్ట్ అయి ఉంటే ఆ పొడుగాటి మాట తలుపు దగ్గరే ఆగిపోయేది.

నేను చెప్పాలి. చెబితే ఎందుకు ఆపలేదని అడుగుతారు. బొట్టు ఉందని చెప్పాలి. బొట్టు పెట్టింది బాపు. ఆ వయసులో ఆయన అందరి ముందు తలదించుకోవాలి. చెప్పకపోతే అక్క. ఎటు కదిలినా ఎవరో ఒకరు నలుగుతారు. నాలుగు రోజులు నోరు మూసుకుని అదే గదిలో కూర్చున్నాను. అక్క కూడా అక్కడే, తన కుర్చీలో, చేతులు ఒళ్లో పెట్టుకుని. మౌస్ ముట్టలేదు. "చెల్లె, ఏమన్న తిరిగొస్తయా?" అని మాత్రం పూటకోసారి అడిగేది. "చూస్తాన అక్క" అనేదాన్ని. ఆ నాలుగు రోజులకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

అయిదో నాడు సంఘం మీటింగు. అక్కను డిజైన్ గది నుంచి తీసి నూలు కండెలు చుట్టే దగ్గర పెట్టాలని అధ్యక్షుడు తీర్మానం చదివారు. జీతం తగ్గించరట. వయసు మళ్లింది, ఈ మెషిన్లు ఆమెకు కష్టమని, మర్యాదగానే అన్నారు. అక్క తల ఊపింది. తల ఊపడం చూసి నేను లేచి నిలబడ్డాను.

"సార్, ఇది అక్క తప్పు కాదు. పెన్‌డ్రైవ్‌తోని రాలే. దసరా నాడు నేను రీస్టార్ట్ చేయాల్సి ఉండె. చేయలే. చేస్తే ఇది రాకపోవు."

"ఎందుకు చేయలే?"

"బటన్ మీద బొట్టుండె."

వెనక ఎవరో నవ్వు ఆపుకున్నారు. అధ్యక్షుడు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"అంటే దసరా పూజ చేసుడు తప్పంటవా?"

"పూజ తప్పంటలేను. నేను ఒత్తకపోవుడు తప్పంటాన. లాగ్‌ల ఉన్నది సార్, మూడో నాడు మధ్యాహ్నం వచ్చింది. అప్పుడు గదికి తాళమున్నది."

"గదికి తాళముంటే, ఎవ్వరు ముట్టకుంటే, లోపలికి ఎట్లొస్తదమ్మా?"

తీగ మీద వచ్చిందన్నాను. పొడుగు మాట అన్నాను, జాగా దాటి పొర్లింది అన్నాను. నా నోట్లో నాకే అది కట్టుకథగా వినపడింది. మనిషి చేయి పడకుండా యంత్రం చెడుతుందంటే అక్కడ నమ్మేవాళ్లు లేరు. వాళ్లకు తెలిసిన మగ్గాలన్నీ ఎవరో ఒకరి చేతిలోనే చెడ్డాయి. అధ్యక్షుడు అద్దాలు పెట్టుకున్నారు.

"మెకానిక్ పెన్‌డ్రైవ్ అన్నడు. ఆమే పెట్టిన్నని ఒప్పుకున్నది. నడుమ నువ్వు అమ్మవారి బొట్టును ఎందుకు దెస్తవ్? అక్క అంటె నీకు పాణమని అందరికి ఎరుకే. మంచిదే. గని గిట్ల కాదు."

బాపు మూడో వరుసలో కూర్చుని ఉన్నారు. ఆయన వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నారు. ఆ క్షణంలో ఆయన మీద వచ్చినంత కోపం నాకు జీవితంలో ఎవరి మీదా రాలేదు. ఆ వెనకే జాలి కూడా వచ్చింది, అదింకా చెడ్డది.

మీటింగు అయ్యాక బయట మెట్ల దగ్గర అక్క నా చేయి పట్టుకుంది. కళ్లనిండా నీళ్లు.

"నా కోసం గంత మంది ముంగట అబద్ధమాడినవ్ చెల్లె. నీ కడుపు సల్లగుండ."

"అబద్ధం కాదక్క. నిజంగనే."

"తెలుసు తియ్యి" అని నా చెంప నిమిరింది.

మర్నాడు ఆ లాగ్ వరుసల్ని కాగితం మీద ప్రింటు తీసి కండెల దగ్గరికి పోయాను. అక్క రాట్నం ముందు కూర్చుని ఉంది. ఆమె పక్కన కూర్చుని ఒక్కో వరుసా చదివి, తెలుగులో చెప్పాను. విని, కాగితాన్ని వెనక్కి తిప్పి చూసింది. "రాసింది నువ్వే గద చెల్లె?" అంది.

అప్పుడు నాకో ఉపాయం తోచింది. ఆమెకు తెలిసిన పనిలోనే చెబుదామనుకున్నాను. "అక్క, నువ్వు గ్రాఫు గీస్తుంటివి గదా. ఒక కాగితం అయిపోతే తర్వాత ఏ కాగితం పట్టాలెనో అంచుకు రాసేదానివి, యాదికున్నదా?"

"ఎందుకుండది. 'ఇక నాలుగోది' అని రాస్తుంటి. మేస్త్రి అది చూసి నాలుగోది పెడ్తుండె."

"ఎవడో వచ్చి నీ గళ్లల్ల రంగులు నింపుకుంట నింపుకుంట, గళ్లు అయిపోయినా ఆగకుంట అంచు మీదికి పోయి, నీ నాలుగు చెరిపి తొమ్మిది రాసిండనుకో. తొమ్మిదో కాగితం వాడే తెచ్చి పెట్టుకున్నడు. మేస్త్రి ఏం చేస్తడు?"

"తొమ్మిదోదే నేస్తడు. కాగితం మీద ఉన్నది నేసుడే ఆయన పని." ఆమె చేయి రాట్నం మీద ఆగింది. కళ్లలో అర్థమైన వెలుగు కనపడింది. నా గుండె తేలికైంది. "గిట్లనే అయ్యిందా?"

"అచ్చం గిట్లనే. ఇందుల నీ తప్పేమున్నది చెప్పు?"

అక్క కాగితం అంచు వెంట వేలు నడిపింది.

"గళ్లు దాటి రాయకుంట అంచుకు గట్టి గీత కొట్టాలె" అంది. "గా గీత కొట్టుడు గీసినామె పనే గద చెల్లె. గీసింది నేనే."

నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడిస్తే ఆమే నన్ను ఓదారుస్తుంది, దానికంటే ఘోరం లేదు. లేచి గదిలోకి వచ్చి తలుపు మూసుకున్నాను.

మెషిన్‌ను తుడిచేసి కొత్తగా ఎక్కించాను. ప్యాచ్ వేశాను, రీస్టార్ట్ చేశాను. డిజైన్ సాఫ్ట్‌వేర్ చక్కగా నడిచింది. నెలలపాటు అందరూ భయపడింది దాని గురించే. నకళ్ల డిస్కును ఇప్పుడు పని అయిపోగానే తీసి బీరువాలో పెడుతున్నాను. పోయిన డిజైన్లు అక్క ఇంట్లో ఉన్న పాత గ్రాఫు కట్టల్లోంచి చాలావరకు దొరికాయి. కట్టలు దొరకనివి ఆమె గుర్తు తెచ్చుకుని మళ్లీ గీసింది, కండెల దగ్గర కూర్చుని, రాట్నం ఆగినప్పుడల్లా. నేను పోయి తెచ్చుకుంటాను. ఆమె ఈ గదిలోకి రాదు. రమ్మంటే, "వద్దు చెల్లె, నా చెయ్యి మంచిది కాదు" అంటుంది. షెడ్డులో కంప్యూటర్ మగ్గాల పక్క నుంచి పోవాల్సి వస్తే చేతులు రెండూ కొంగులో చుట్టుకుంటుంది. ఆమె గీసే ప్రతి కాగితానికీ ఇప్పుడు నాలుగు వైపులా లావుపాటి నల్ల గీత ఉంటుంది.

బాపు ఆ సంగతి ఎత్తడానికి నెలలు పట్టింది. ఒకరోజు పొద్దున చాయ్ తాగుతూ, "గా బటన్ ఒత్తితే నిజంగ అది రాకుంట ఆగిపోతుండెనా?" అన్నారు. ఆగిపోయేదన్నాను. ఆయన చాయ్ పూర్తి చేసి, గ్లాసు తనే కడిగి బోర్లించి, షెడ్డుకు పోయారు. మీటింగులో ఎందుకు నోరు విప్పలేదని నేను అడగలేదు. మౌస్‌తో ఎందుకు చేయలేదని ఆయనా నన్ను అడగలేదు.

మళ్లీ దసరా వచ్చింది. బాపు పళ్లెంతో అద్దం తలుపు దాకా వచ్చి, గడప అవతలే ఆగారు. "మొదలు నీ ప్యాచ్‌లు, రీస్టార్ట్‌లు ఏమున్నయో కానియ్యి బిడ్డా. అయినంక చెప్పు" అన్నారు. వెనక అధ్యక్షుడు వాచీ చూసుకున్నారు. బాపు కదల్లేదు. అరగంట నిలబడ్డారు, హారతి కర్పూరం పట్టుకుని. మెషిన్ ఆగింది, లేచింది. డిజైన్ తెరిచాను. ఆయన దారం కట్టారు, తీగను వదిలేసి. తర్వాత వెనక్కి తిరిగి గుంపులో వెతికి, "అక్క, ఈసారి బొట్టు నువ్వు పెట్టు" అన్నారు. తన తప్పు ఒప్పుకోవడానికి ఆయనకు తెలిసిన దారి అదొక్కటే అనుకుంటాను.

అందరూ జరిగి దారి ఇచ్చారు. అక్క రాక తప్పలేదు. ఏడాది తర్వాత ఆ గదిలో అడుగు పెట్టింది. కొంగులోంచి చేయి బయటికి తీసి, కుంకుమలో వేలు ముంచింది. ఆమె నా వైపు తిరుగుతుందని, ముట్టనా అని అడుగుతుందని ఎదురుచూశాను. "ఊఁ" అనడానికి నోరు తెరిచే ఉంచాను. ఆమె తిరగలేదు. వేలు బటన్ దాకా వచ్చి ఆగింది. కిందికి దిగింది. బొట్టు బల్లకు పెట్టింది, మెషిన్‌కు తగలకుండా, జానెడు ఇవతల.